వారమునకొక మాత్ర

మా తల్లిగారికి చేతివ్రేళ్ల కణుపులు వాచి, తెల్లవారి లేచిన రెండు గంటలకుగాని గుప్పిట మూయలేని స్థితి కలిగినది. దివిసీమలోని మా గ్రామమునుండి ఆమెను విజయవాడకు తీసికొనివచ్చి వైద్యునకు చూపితిని. ఆయన కీళ్లవాతమని నిర్ణయించి, మెథోట్రెక్సేటు అను మాత్రను వారమునకొక్కసారియు, ఫోలిక్ ఆమ్లమును వేఱొక దినమునను వేసికొనవలెనని ఆంగ్లమున వ్రాసియిచ్చిరి. మందుల దుకాణములోని కుఱ్ఱవాడు కాగితపు కవరుపై ఒకటియను అంకె వేసి, "భోజనం తర్వాత ఒకటండీ" అనెను. అవనిగడ్డ బస్సునకు వేళయైనదని చీటీని మడిచి సంచిలో వేసికొంటిని. ఇరువదియేండ్లుగా పిల్లలకు ఆంగ్లము చెప్పుచున్నవాడను, ఆ దినమున నాలుగు పంక్తుల ఆంగ్లము చదువనైతిని.

తొమ్మిది దినములకు ఆమెకు నోరంతయు పూసి, మజ్జిగయు మ్రింగుడు పడక, జ్వరము తగిలెను. వేడి చేసినదని ఇరుగుపొరుగువారు సబ్జాగింజలు నానవేసి యిచ్చిరి. మరల విజయవాడకు వచ్చి ఆసుపత్రిలో చేర్చితిమి. అచ్చట శిక్షణ పొందుచున్న నర్సింగు విద్యార్థిని యొకతె సంచిలోని మందులన్నియు మంచముపై పరచి, పసుపుపచ్చని మాత్రల అట్టను చేతబట్టుకొని అడిగినది.

"మామ్మగారూ, ఇవి వారానికెన్ని వేసుకున్నారు?"

"వారానికేంటమ్మా, రోజూ అన్నం తిన్నాక ఒకటి. ఒక్క పూటా మానలేదు."

ఆ పిల్ల ముఖము పాలిపోయినది. పరుగున పోయి వైద్యుని పిలుచుకొని వచ్చెను. ఆ ప్రశ్నయే మా యమ్మను బ్రదికించినదని నేను నమ్ముదును.

ఆకుకూరలలో నుండు ఫోలిక్ ఆమ్లము లేనిదే దేహమున క్రొత్త కణములు పుట్టవు. అది పనికివచ్చు రూపమునకు మారుటకు ఒక ఎంజైము కావలెను. మెథోట్రెక్సేటు ఫోలిక్ ఆమ్లపు పోలికతో వచ్చి ఆ ఎంజైమును పట్టుకొని కూర్చుండును. శంఖచక్రములు తగిలించుకొని నేనే వాసుదేవుడనన్న పౌండ్రకుని వంటిది. వారమునకొకసారి కొద్దిమోతాదున వచ్చినచో కీళ్ల వాపు అణగును. తక్కిన దినములలో దేహము తేరుకొనును. ప్రతిదినము వచ్చినచో త్వరగా పుట్టి గిట్టు కణములు ముందుగా చెడును: నోటిపొర, ప్రేగులు, ఎముకలలోని మూలుగ. దీనికి విరుగుడు ఫోలినిక్ ఆమ్లము. అది ముందే మార్పు నొందిన రూపము గనుక ఆ ఎంజైముతో పనిలేకయే కణములకు ఉపయోగపడును. మా తల్లిగారికి దానినే యెక్కించిరి.

ఈ కథ వెనుక మన తెలుగువాడొకడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. వారి సోదరుడు స్ప్రూ అను విరేచనవ్యాధితో మృతినొందెను. అమెరికాకు పోయి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, వారు తమ సహచరులతో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించిరి. అది స్ప్రూకు మందైనది. ఆ బృందమే దాని మారువేషములను గూడ సృష్టించెను. అందులో అమినాప్టెరిన్ అనుదానితో బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగించి, ఆ సంగతిని 1948లో ప్రకటించెను. మెథోట్రెక్సేటు దాని చెల్లెలు. సుబ్బారావుగారు ఆ 1948లోనే గతించిరి.

మా తల్లిగారు కోలుకొను దినములలో ఆ విద్యార్థినితో మాటాడుచుంటిని. దుకాణపు పేర్లు వేలున్నను అసలు మందుపేరు తోక చూచినచో వంశము తెలియునని ఆమె చెప్పెను. దాశరథి యన్నచో దశరథుని కొడుకని ప్రత్యయమే చెప్పుట నేనెఱుగుదును. మాత్రల అట్టపై గూడ తద్ధితమున్నదని అంతవరకు ఎఱుగను. 'ఒలాల్' అని ముగియునవి గుండెవేగమును తగ్గించును. వానిని హఠాత్తుగా మానరాదు. 'ప్రిల్' అని ముగియునవి రక్తపుపోటునకు. కొందఱికి పొడిదగ్గు తెచ్చును. 'సైక్లిన్' అనువానిని పసిపిల్లలకిచ్చినచో దంతములకు మరక పట్టును. (ఈ వంశమునకు మొదటిదైన ఆరియోమైసిన్ గూడ లెడర్లీలో పుట్టినదే.) 'సెఫ్' మాత్రము ముందు వచ్చును, దానిని ఉపసర్గ యనవలె.

ఈ విద్య వట్టి వినోదము కాదు. మూత్రపు మంటకు తఱచుగా ఇచ్చు ఒక మాత్రలో ట్రైమెథోప్రిమ్ ఉండును. అదియు ఫోలిక్ ఆమ్లపు పని నడ్డగించునదే. ఒకటి కీళ్లకు, ఒకటి మూత్రమునకు. చీటీలు రెండు, వైద్యులిద్దఱు, వంశమొక్కటే. రెండును ఒక్క కడుపున పడినచో మూలుగ మరల ఎండును. పేరు మాత్రమే కంఠస్థము చేసిన నర్సునకు ఇది తోచదు. కాని పాఠశాలలో నేను నేర్పునదియు కంఠస్థమే గనుక, ఆ తప్పును ఇతరులపై మోపుటకు నాకు నోరు రాదు.

మన ఇండ్లలో మందులు పంచునది స్త్రీ. అట్టపై అక్షరము ఆంగ్లము. 'వారమునకొకటి' అను మాటను తెలుగున పెద్ద అక్షరములతో కవరుపై వ్రాయుటకు ఎంత సిరా ఖర్చగును?

రెండు నెలలు గడచిన పిదప వైద్యులు నెలనెలా రక్తపరీక్ష చేయించు నియమముతో ఆ మాత్రను మరల మొదలుపెట్టిరి. నేను మోతాదు వ్రాసిన కాగితమును గోడకంటించితిని. మా యమ్మ దానివంక చూడలేదు. పంచాంగపు క్యాలెండరులో బుధవారములన్నిటిపై కుంకుమతో చుక్కలు పెట్టుకొన్నది. మొన్న నేను వెళ్లగనే అడిగినది: "ఇవాళ మంగళవారమేగా నాయనా? అయితే డబ్బా పైన పెట్టేయి."