ఎంగిలి

మొన్నటి వేసవిలో మా పూర్వశిష్యుఁడొకఁడు తనకు ఉద్యోగమున హెచ్చు పదవి వచ్చినదని మమ్ము విందునకు పిలిచెను. చేవెళ్లలో కారెక్కి, ఊడలమఱ్ఱుల బాటవెంట మొయినాబాదు దాటి, 1920లో మూసీకి అడ్డముగఁ గట్టిన గండిపేట చెఱువును ఎడమవైపున విడిచి, నగరపు టంచున నున్న భోజనశాలకుఁ జేరితిమి. శిష్యుని తల్లియు మాతో వచ్చెను. ఆమె ఒకప్పుడు మా తండ్రిగారి పొలమునఁ గలుపు తీసిన మనిషి.

చీనా, జపాను, థాయి దేశముల వంటకములను నూతనరీతి వండెడి శాల యది. ధరల పట్టిక చూచి మా శిష్యునిపై జాలి కలిగెను. వెదురుబుట్టలలో ఆవిరికి ఉడికిన కుడుములు వచ్చెను. నిమ్మగడ్డి వేసిన పులుసు వచ్చెను. అచ్చట ఎవరి విస్తరి వారిది కాదు. వంటకము నడుమ నుండును, అందఱును అందుండియే తీసికొందురు. శిష్యుఁడు తాను తినుచున్న పుల్లలతోనే యొక కుడుము పట్టి మా పళ్లెమునఁ బెట్టెను.

మా చేయి ఆఁగెను. ఉచ్ఛిష్టమని సంస్కృతమునను, క్రిములని ఆంగ్లమునను మనస్సు సాకులు వెదకినది. భోజననియమములు లేని జాతి లేదు. జపానువారు పుల్లలనుండి పుల్లలకు ఆహార మందింపరు. దహనానంతరము అస్థులను అట్లు అందింతురు గనుక. కోవిడు ప్రబలిన 2020లో చీనా యధికారులు వడ్డనకు వేఱు పుల్లలు వాడుఁడని ప్రచారము చేసిరి. ఆ నియమములు బల్లకడ నున్న వారి కందఱికిని ఒక్కటియే. మాది అట్టిది కాదు. ఆ కుడుమును మా బావగారు పెట్టియుండినచో చేయి ఆఁగెడిదా? ఆఁగదని మాకుఁ దెలియును.

తింటిమి. లోపలి పుట్టగొడుగు మృదువుగా నుండెను. శిష్యుని తల్లి మాత్రము ప్రతి వంటకమును మేము తీసికొన్న పిమ్మటనే తీసికొనుచు, పుల్లలు ముట్టక చేతితోనే తినెను.

తిరుగుప్రయాణమున వారు దాహమునకు మా యింట నాఁగిరి. మా తండ్రిగారు కట్టించిన యిల్లే యది. నీళ్లు తేఁబోయిన మా చేయి, అలవాటున, వాకిటి గూటిలోఁ బనిమనిషికై వేఱుగ నుంచిన గ్లాసుపైఁ బడెను. ఇరువదియేండ్లుగా నల్లబల్లపై సమత్వమును గూర్చి వ్రాయుచున్న చేయియే!

"గా గిలాస ఇంక గీడనే ఉన్నదా, సారూ?" అని ఆమె నవ్వెను.

వంటయింటి గ్లాసులలో నీళ్లు తెచ్చి యిచ్చితిమి. ఆమె త్రాగెను. మా శిష్యుఁడు గ్లాసు చేతఁ బట్టుకొని చాలసేపు గూటివైపే చూచుచుండెను.