మా వియ్యపురాలి సామెతలు

తెలుగు అజంత భాష. ఇటాలియను కూడా దాదాపు అంతే. పదం చివర అచ్చు పలకనిదే వారికి తృప్తి ఉండదు. పాశ్చాత్యులు మన భాషను ‘ప్రాచ్య ఇటాలియన్’ అని మెచ్చుకున్న సంగతి ముప్పైయేళ్లకు పైగా తరగతి గదుల్లో చెప్పాను గాని, ఆ ఇటాలియన్ చెవికి ఎలా ఉంటుందో పదవీ విరమణ తరువాతనే విన్నాను. మా చిన్నమ్మాయి మిలాన్ నగరంలో ఉద్యోగం చేస్తూ అక్కడే పెళ్లి చేసుకొన్నది. అల్లుడిది సిసిలీ ద్వీపంలో కతానియా దగ్గరి పల్లె. వియ్యపురాలికి ఇంగ్లీషు రాదు. అమ్మాయి నేర్పిన ‘అన్నయ్యగారూ’ అన్న ఒక్క పిలుపు తప్ప తెలుగూ రాదు. కుశలప్రశ్నలు ముగిశాక మా ఇద్దరికీ మిగిలే ఉమ్మడి ఆస్తి సామెతలే. అమ్మాయి దుబాసీ.

‘కీ వా పియానో, వా సానో ఎ వా లొంతానో.’ మెల్లగా పోయేవాడు క్షేమంగా పోతాడు, దూరమూ పోతాడు అని భావం. మన ‘నిదానమే ప్రధానం’ అనుకోండి. అయితే ఆ మూడు ‘ఆనో’లను వినండి. మన సామెతలోనూ ఆ పని చేస్తున్నది ‘దానం, ధానం’ అన్న నాదమే. సామెత నాలుక మీద నిలిచేది సత్యం వల్లనా, ప్రాస వల్లనా అని ఎవరైనా నన్ను అడిగితే, పండితుడిగా నా ఓటు ప్రాసకే. ‘త్రదుత్తోరె, త్రదితోరె’ అని వారికి మరొకటి ఉన్నది. అనువాదకుడు ద్రోహి అని అర్థం. తెలుగు చేయగానే అందులోని చమత్కారం చచ్చిపోతుంది; తన మాటను తానే రుజువు చేసుకొనే సామెత! ఇది మాత్రం అమ్మాయి మొహం ముడుచుకొని అనువదించింది.

పండుగ ముగిసిందా, పునీతుణ్ణి మోసగించినట్టే అని ఒక సామెత ఆమె చెప్పగానే నేను మన ఓడ మల్లయ్య, బోడి మల్లయ్యల కథ చెప్పాను. ఆమె నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. కృతఘ్నతకు భాషాభేదం లేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నది సాంతా లుచీయా సామెత. ఆమె పండుగ డిసెంబరు 13. ఏడాదిలో అంతకన్న పొట్టి పగలు లేదని సామెత అంటుంది. పంచాంగం చూసే అలవాటున్న నాకు సందేహం కలిగింది; అతిహ్రస్వమైన పగలు డిసెంబరు 21, 22లలో కదా? విచారిస్తే తేలినదేమంటే, సామెత పుట్టిననాటికి అది నిజమే. పాత జూలియన్ పంచాంగంలో ఏడాది నిడివి రవ్వంత ఎక్కువగా లెక్కపెట్టడం వల్ల తేదీలు జరుగుతూ వచ్చి, 1300 ప్రాంతానికి అయనాంతం 13వ తేదీన పడుతుండేది. 1582లో పోపు పదమూడవ గ్రెగరీ పంచాంగాన్ని సవరించినప్పుడు అక్టోబరు 4 మరునాడు 15 అయింది. పది రోజులు ఎగిరిపోయినా సామెత కదలలేదు. లుచీయాకు సీయా అని అంత చక్కని అంత్యప్రాస కుదిరాక ఏ పోపు మాత్రం మార్చగలడు? మనం మాత్రం తక్కువ తిన్నామా! అసలు ఉత్తరాయణం డిసెంబరులోనే మొదలవుతుండగా, సంక్రాంతినాడు ఉత్తరాయణ పుణ్యకాలమని స్నానాలు చేస్తున్నాము. కారణం వేరు, మనది అయనచలనం. ఆ రోజు సిసిలీలో చాలా ఇళ్లలో రొట్టె ముట్టరు. ఉడికించిన గోధుమలతో ‘కుచ్చీయా’ అనే వంటకం తింటారు. 1646 నాటి కరవులో ఆ పునీత పండుగనాడే ధాన్యపు ఓడ వచ్చిందనీ, ఆకలిగొన్న జనం పిండి పట్టేదాకా ఆగలేక గింజలే ఉడికించుకొన్నారనీ ఐతిహ్యం. మన గుగ్గిళ్లే.

అన్నీ ఇంత ముచ్చటైనవి కావు. ‘మోల్యె ఎ బువోయి దెయి పయేజి తువోయి’, అంటే భార్యనూ ఎడ్లనూ నీ ఊళ్లోనే చూసుకో అని. పెళ్లిమాటలు నడుస్తున్న రోజులలో వియ్యపురాలి అన్నగారు అన్నారట. సరిగ్గా అప్పుడే ఇక్కడ మా బంధువులు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు అంటున్నారు. ఆలినీ ఎద్దునూ ఒకే పలుపున కట్టే ఈ మాటను నేను జ్ఞానమనలేను, ఎంత ప్రాస ఉన్నా సరే. 1853లో వెలువడిన జూస్తీ గారి టస్కనీ సామెతల సంకలనమైనా, 1868 నాటి మన కార్ దొర తెలుగు సామెతల సంకలనమైనా పొల్లూ గింజా కలిసిన రాశులే. పోగుచేయడం వారి పని, చెరగడం మనది.

పాత దారి విడిచి కొత్త దారి పట్టినవాడికి విడిచినదేమిటో తెలుసు, దొరకబోయేది తెలియదు. ఇదీ వారి సామెతే. ఈ మాట అనుకొనే దేశం నుంచే 1876, 1915 సంవత్సరాల నడుమ సుమారు 1 కోటి 40 లక్షల మంది వలసపోయారు. 1913లోనే 8 లక్షల 70 వేలకు పైగా ఓడలో, రైలో ఎక్కారు. అందుచేత ఈ సామెత వెళ్లేవారిది కాదనీ, రేవులో నిలబడి చూసినవారిదనీ నా ఊహ. వియ్యపురాలి తాతగారి తమ్ములిద్దరు అర్జెంటీనా వెళ్లి తిరిగి రాలేదు. కొడుకు మిలాన్ బయలుదేరినప్పుడు ఈ సామెత ఆమె గొంతులోనే ఆగిపోయిందట. మా అమ్మాయి విమానం ఎక్కిననాడు నాకు ఏ సామెత తోచిందో నేను చెప్పలేదు. దానికి బదులు ‘దూరపు కొండలు నునుపు’ అన్నాను. ఆమె కిటికీ వైపు చూసి, “మా కొండ దూరానికీ నునుపు కాదు, అన్నయ్యగారూ” అన్నది. అక్కడినుంచి ఎట్నా కనిపిస్తుందట, పొగతో సహా.

ఆమె చెప్పగా జొవాన్నీ వెర్గా 1881లో రాసిన ‘ఇ మాలవోల్యా’ నవలను ఇంగ్లీషులో చదివాను. కథాస్థలం కతానియా దగ్గరి జాలరిపల్లె అచి త్రెద్జా. పలెర్మో వైద్యుడు జుజెప్పె పిత్రే సిసిలీ సామెతలను నాలుగు సంపుటాలుగా అచ్చువేసింది అంతకు ముందు ఏడాదే. అవి వెర్గాకు ఉపకరించాయి. నవలలోని తాతకు ప్రతి సందర్భానికీ ఒక సామెత ఉన్నది. అరువు మీద కొన్న సరుకుతో పడవ మునిగి కొడుకు పోతాడు, ఇల్లు పోతుంది, చివరకు తాత ఆసుపత్రిలో పోతాడు. సామెతలు ఒక్కదాన్నీ ఆపలేదు. అయినా అతడు వాటిని విడువడు, తుఫానులో చుక్కాని పట్టుకొన్నట్టు. మనవడికి అవి పడవు. ఊరు విడిచి, తిరిగివచ్చి, దొంగసరుకు వ్యవహారంలో చిక్కి జైలుకు వెళతాడు. విడుదలై ఒక రాత్రి ఇంటికి వస్తాడు. తమ్ముడు ఉండమన్నా ఉండడు. తెల్లవారుతుండగా ఊరు మేలుకోవడం కాసేపు చూసి వెళ్లిపోతాడు. ఎక్కడికి వెళ్లాడో వెర్గా రాయలేదు.