మూషికభాగము

మన పూర్వులు రాజ్యమునకు గలుగు ఉపద్రవములను లెక్కించి, అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొలిమేరలో దండు విడిసిన పరరాజులు అని ఆరింటికి ఈతిబాధలని పేరిడిరి. చిన్ననాట ఆ పట్టికను వల్లెవేయునపుడు, కుంభవృష్టికిని శత్రుసైన్యములకును నడుమ ఎలుకకు పీట వేసిన పెద్దల ఔచిత్యమును తలచుకొని నాకు లోలోపల నవ్వు వచ్చెడిది. ఇప్పుడు రాదు. తెనాలి ప్రాంతపు పల్లెలో, పది సెంట్ల పెరటిలో, రెండు దోసపాదులును, ఒక గుమ్మడియు, పందిరిమీద బీరయు, గోడవారగా నాలుగు సాళ్ల మొక్కజొన్నయు పెంచిన పిమ్మట, ఆ పట్టిక కూర్చినవాడు వట్టి రాజనీతిజ్ఞుడు కాడనియు, వానికి తప్పక ఒక పెరడుండి యుండుననియు నాకు దృఢవిశ్వాసము కలిగినది.

దోసకాయను ఎలుక తిను విధము చూడదగినది. కాయకు వన్నె వచ్చువరకు అది తొందరపడదు. ఆకుచాటున పచ్చదనము విడిచి పసిమి దాల్చి, రేపు పప్పులోనికి కోయుదమని నా భార్య నిశ్చయించిన నాటి రాత్రి, నేలకు ఆనియున్న ప్రక్కను రూపాయి బిళ్లంత రంధ్రము చేసి, కండ జోలికి పెద్దగా పోక, లోపలి గింజలను ఒలుచుకొని పోవును. ఉదయమున మన కంటబడునది పైభాగమే గనుక, కాయ చెక్కుచెదరక బంగారమువలె మెరయుచుండును; చేతిలోనికి తీసికొన్నప్పుడు గాని డొల్ల యని తెలియదు. మొక్కజొన్న విషయమున ఇంత మర్యాద లేదు: కాడను కొరికి పడవైచి, పొత్తును నేలమీద తీరికగా విందారగించును. కాకరపాదును మాత్రము ముట్టలేదు. ఈ యొక్క విషయమున మా యింటి పిల్లలకును దానికిని అభిప్రాయభేదము లేదు.

ఈ దండయాత్ర శ్రావణములోనే ఏల సాగునో తెలిసికొనుటకు నాకు రెండేండ్లు పట్టినది. వేసవి యంతయు నల్లరేగడి నెర్రెలలోను, గట్ల బొరియలలోను కాపురముండిన ఎలుకలు, కాలువకు నీరు వదలి, పొలములు దమ్ముచేసి నాట్లు వేయు వేళకు, తమ ఇండ్లు మునిగిపోగా, మెరక వెదకికొనుచు గట్లెక్కి, గడ్డివాములు దాటి, దొడ్లలోనికి వచ్చి చేరును. 1855లో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై ఈ సీమ వరిసీమ యైన నాటినుండియు ఏటేట జరుగుచున్న వలస యిది. నా రెండు దోసపాదుల నష్టమును ఆ ఆనకట్ట పద్దున వ్రాసితినేని కృతఘ్నుడ నగుదును, ఆ నీట పండిన అన్నమే గదా తినుచున్నాను. కాని లెక్క లెక్కయే.

వచ్చినవానిలో చిట్టెలుకలు సాధుజంతువులు. అసలు రాక్షసి పందికొక్కు. ఈ అచ్చతెనుగు మాటను దొరలు బాండికూట్ అని తమ భాషలోనికి కొనిపోయి, అంతటితో ఆగక, ఆస్ట్రేలియాలో పొట్టసంచిలో పిల్లలను మోయు వేరొక జంతువునకు సైతము తగిలించిరి. తెలుగునుండి బయలుదేరి ఇంత దూరము నడచిన మాటలు అరుదు. అది మా పెరటి గోడక్రిందుగా పోయినదని నా యనుమానము.

మొదట బోను కొంటిని. తొలిరాత్రి పకోడి, మలిరాత్రి కొబ్బరిముక్క, మూడవ రాత్రి, మా యింట నెన్నడును ప్రవేశింపని పదార్థము, ఎండుచేప పెట్టితిని. మొదటి రెండు రాత్రులు ఏమియు పడలేదు. మూడవ రాత్రి పొరుగింటి పిల్లి పడెను. తరువాత మందు. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, జింకు ఫాస్ఫైడు 2 పాళ్లు కలుపవలెననియు, అంతకు ముందు రెండు దినములు మందులేని నూకలు పెట్టి దానికి నమ్మకము కలిగింపవలెననియు శాస్త్రము. ఏలయనగా ఎలుక క్రొత్త ఆహారమును తొలుత రుచిచూచుటకు మాత్రమే తినును. వాంతి చేసికొను శక్తి దానికి ప్రకృతి ప్రసాదింపలేదు గనుక, ఆ లోపమును అనుమానముతో పూరించుకొన్నది. కడుపులో కించిత్తు తేడా కనబడెనా, ఆ తిండిని మరి ముట్టదు. రెండు దినములు అతిథిమర్యాద నెరపి మూడవనాడు విషము పెట్టుటకు నా మనస్సు ఒప్పుకొనలేదని నలుగురితో చెప్పుకొంటినిగాని, అది సగము సత్యమే. “ఆ నూకలు పక్కింటి కోళ్లు తింటే ఎవరు సమాధానం చెప్తారండీ?” అని నా భార్య యడుగుట తక్కిన సగము.

తుదకు యానాది ముసలాయన వచ్చెను: చంకన అడుగున చిల్లిగల మట్టికుండ, చేత గునపము, వెంట మనుమడు. సాయంకాలము పెరడంతయు కలయదిరిగి, కనబడిన బొరియల కెల్ల మన్ను కప్పి, ఏమియు చెప్పక వెడలిపోయెను. పని యింతేనా యని నాకు చిరాకు కలిగినది. తెల్లవారి చూడగా 11 బొరియలలో 3 మాత్రమే తిరిగి తెరవబడియుండెను. ఎలుక కాపురమున్నవి అవియే నట. కుండలో ఎండుగడ్డియు పచ్చియాకును కూరి, నిప్పు పెట్టి, మూతిని కలుగునకు ఆనించి, అడుగు చిల్లినుండి ఆయన దమ్ముపట్టి ఊదగా, పొగ నాలుగు బారల కావల వేరొక కన్నమునుండి లేచినది. మనుమడు అచ్చట ముందే పొంచియుండెను. పిమ్మట త్రవ్వగా లోపలి అరలో దోసెడు మొక్కజొన్న గింజలును, గడ్డివామునుండి మోసికొనిపోయిన వడ్లును బయటపడినవి. ఆ గింజలు పట్టినవానివే యను ఆచారమును నేనును మన్నించితిని. చిన్నయసూరి నీతిచంద్రికలో సన్న్యాసి బిలము త్రవ్వి కూడబెట్టిన సొత్తు హరింపగా సత్తువ యుడిగి కుందిన హిరణ్యకుని కథ చదివిననాడు నేను ఎలుకపక్షము. ఆ యుదయమున సన్న్యాసిపక్షము వహించితిని.

కూలి పుచ్చుకొని పోవుచు ముసలాయన, “బాబుగారూ, కాలవకు నీళ్లొస్తే వస్తయ్యి, కట్టేస్తే పోతయ్యి. వాటితో పంతమేంది? ముందు ఆ కమ్మల గుట్ట తీసేయించండి. దానికి ఇల్లు కట్టిచ్చింది మీరే” అనెను.

నిజమే. పాక వేయుదమని మూడేండ్ల క్రిందట కొట్టించి, గోడమూల పోగువేసి, నేటికిని వేయని పాకకు సాక్ష్యముగా నిలిపిన తాటికమ్మలవి. తొలగింపగా క్రింద మెత్తని ఎండుగడ్డి పరపులు, కొరికిన కాగితపు తునుకలు, వానిలో నా చేవ్రాతయు గొంత కనబడినవి. పిదప పందిరి గుంజలకు రేకు చుట్టితిని, కాయలక్రింద పెంకులు ఎత్తుపెట్టితిని, పండువరకు ఆశపడక దోరగా నున్నప్పుడే కోయుట నేర్చితిని. నష్టము తగ్గినది, పోలేదు. చూలు నిలిచిన మూడు వారములకే ఈనెడు జాతి అది.

వినాయకచవితినాటికి దోసపాదున నిండుగా పండిన కాయ ఒక్కటి మిగిలినది. దానిని పప్పులో వేయుటకు మాకు చేతులాడలేదు. పాలవెల్లికి మొక్కజొన్న పొత్తులును, వెలగకాయయు కట్టి, నట్టనడుమ, సరిగా స్వామి శిరస్సుపైన, ఆ దోసకాయను వ్రేలగట్టితిమి. క్రింద మట్టిప్రతిమ పాదములకడ మట్టిఎలుక చేత ఉండ్రము పట్టుకొని వినయముగా కూర్చుండియున్నది.

మరునాడు ఉద్వాసన చెప్పబోయి చూడగా, దూలమునుండి త్రాడుపట్టి యెప్పుడు దిగినదో, దోసకాయ అడుగున రూపాయి బిళ్లంత రంధ్రము. సగము గింజలు మాత్రము దానికి దక్కక, స్వామి కిరీటముపైనను, పత్రిమీదను, మట్టిఎలుక వీపుమీదను రాలియుండెను. నా భార్య ఏమియు అనక, ఒక్కొక్కటే యేరి, కడిగి, బూడిదలో పొర్లించి, ఎండబెట్టి, వచ్చే యేటి విత్తనమునకని పాతగుడ్డలో మూటగట్టి, ఉట్టిమీద పెట్టినది.