పాత సిద్దె, రేడియేటర్ హోసు



119వ కీర్తనలో ఒకచోట కీర్తనకారుడు తనను పొగపట్టిన సిద్దెతో పోల్చుకుంటాడు. సిద్దె అంటే ఏమిటని మా యౌవనస్థుల కూడికలో అడిగితే ఒక్కరికీ తెలియలేదు. పూర్వం నూనె, నెయ్యి పోసుకొనే తోలు పాత్ర అది. పొయ్యి దగ్గర వేలాడదీస్తే వేడికీ పొగకూ తోలులోని జిగి పోయి గట్టిపడుతుంది, ముడుచుకుపోతుంది. అయినా కొక్కేనికి వేలాడుతున్నంతసేపు అది సిద్దెలాగే కనబడుతుంది. దానిలో పోసినప్పుడే సంగతి బయటపడుతుంది. మత్తయి సువార్తలో ప్రభువు చెప్పిన పాత తిత్తుల మాట కూడా ఇదే తోలు సంగతి. లోపల ద్రాక్షారసం పొంగుతుంది, తోలు సాగదు.

సిద్దె చూడనివారికి నేను మా సంఘం జీపు రేడియేటర్ హోసు చూపిస్తున్నాను. మొన్న మార్చిన పాత హోసు ఇంకా నా బల్ల మీదే ఉంది. పాస్టరమ్మకు అది ఇష్టం లేదు, అది వేరే విషయం.

బండి పాతది, డీజిల్ జీపు. కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో కూటాలకు అదే, రాత్రిపూట కాన్పు నొప్పులు వస్తే అదే. ఇప్పుడు దానికి ఇంకొక పని పడింది. మా సంఘంలో ఒక సహోదరునికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు పొదిలి మీదుగా ఒంగోలు తీసుకువెళ్లి డయాలసిస్ చేయించాలి. రానూ పోనూ 150 కిలోమీటర్లకు పైనే. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల వెనక ఎండలో నత్తనడక నడవాలి. ఇంజిన్ హీటెక్కేది సరిగ్గా అలాంటి చోటే. ఆయనకు ఒక్క విడత తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరి ఆడదు. కాబట్టి ఆ బండి ఆగకూడదు.

ఎండలు ముదరకముందే హోసులు మార్చాలని పెద్దల కూడికలో చెప్పాను. లెక్కలు చూసే సహోదరుడు నమ్మకమైన మనిషి, కానుకల డబ్బు రూపాయి కూడా వృథా కానివ్వడు. "అయ్యగారూ, ఒక్క చుక్క కారడంలేదు గదా, బాగున్న పైపులు ఎందుకు తీసెయ్యాలి?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే అడిగాడు. జవాబు మాటల్లో చెప్పకుండా ఆయన్ను వెంటబెట్టుకొని మెకానిక్ భాయ్ షెడ్డుకు వెళ్లాను.

భాయ్ చల్లారిన ఇంజిన్ మీదికి వంగి పై హోసును మధ్యలో నొక్కమన్నాడు. గట్టిగా ఉంది, వదిలితే తిరిగి వచ్చింది. తర్వాత క్లిప్పుకు రెండంగుళాల దూరంలో రెండు వేళ్లతో పిసికి చూడమన్నాడు. అక్కడ మెత్తగా, లోపల ఏదో గాడి పడినట్టు తగిలింది. పైకి ఆ చోటుకూ మిగతా చోటుకూ తేడా ఏమీ లేదు, నల్లగా మెరుస్తూనే ఉంది.

హోసు అంటే ఒట్టి రబ్బరు కాదు. లోపల ఒక రబ్బరు పొర, దాని మీద దారంతో అల్లిక, ఆపైన ఇంకొక రబ్బరు పొర. ఇంజిన్ ఒక లోహం, రేడియేటర్ ఇంకొక లోహం. మధ్యలో కూలెంట్ నీళ్లు తిరుగుతుంటే బ్యాటరీలో పుట్టినట్టు సన్నని విద్యుత్తు పుడుతుంది. అది లోపలి పొరలో కంటికి ఆనని బీటలు పెడుతుంది. ఆ బీటలు ఎక్కువగా హోసు చివర్ల దగ్గర, అంటే క్లిప్పుల పక్కనే వస్తాయి. నీరు ఆ బీటల్లోనుండి అల్లికలోకి ఎక్కి దారాన్ని బలహీనం చేస్తుంది. ఇక వేడినీళ్ల ఒత్తిడి ఉండనే ఉంది. రేడియేటర్ మూత ఆవిరిని అదిమి పట్టడం వల్లనే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. ఆ ఒత్తిడంతా హోసు గోడలే మోయాలి. మోయలేని రోజున ఏ గుర్తూ ఇవ్వకుండా చీలిపోతుంది. నీళ్లు పోయాయని గమనించి బండి ఆపేలోగా గ్యాస్కెట్ పోతుంది, ఒక్కోసారి హెడ్ కూడా వంగిపోతుంది.

భాయ్ కింది డ్రెయిన్ తిప్పి నీళ్లు బేసిన్లోకి పట్టాడు. పారబోయకుండా మూత ఉన్న డబ్బాలో పోయించాను. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ దూడలూ నాకితే చచ్చిపోతాయి. పాత హోసును పట్టి లాగలేదు, బ్లేడుతో నిలువునా చీల్చి అరటితొక్క ఒలిచినట్టు ఒలిచాడు. లాగితే రేడియేటర్ గొట్టం విరుగుతుందట. ఆ చీల్చిన ముక్కను విప్పి మా లెక్కల సహోదరుని చేతిలో పెట్టాడు. లోపల చివరిదాకా నిలువు బీటలు, ఒకచోట దారం కనబడుతోంది. ఆయన చాలాసేపు దాన్ని వేలితో తడిమి, "ఇది రేపు సోమవారం మనవాణ్ణి ఎక్కించుకొని పోయేదా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు. కింది హోసు, చిన్న బైపాస్ హోసు, క్లిప్పులు కూడా కొత్తవి వెయ్యమని తానే చెప్పాడు.

మిగతా పని తొందరగానే అయింది. మా బోరు నీళ్ల ఉప్పు గొట్టాల అంచుకు తెల్లగా పేరుకొని ఉంటే ఎమరీ కాగితంతో రుద్దాడు. గ్రీజు, నూనె రాయలేదు, అవి ఆ రబ్బరును ఉబ్బిస్తాయి. నీళ్లతో తడిపి ఎక్కించాడు. కింది హోసులో స్ప్రింగు ఉండేలా చూశాడు, వాటర్ పంపు నీళ్లు పీల్చేటప్పుడు గొట్టం చప్పిడి కాకుండా అది ఆపుతుంది. సగం కూలెంట్, సగం శుద్ధమైన నీరు పోసి, మూత తీసి ఇంజిన్ నడిపి, గాలి బుడగలన్నీ పోయేదాకా నిలబడ్డాడు. మొత్తం రెండువేల చిల్లర అయింది.

ప్రియులారా, ఇక్కడ నాకు ఒక మాట చెప్పాలని ఉంది. మన సాక్ష్య కూటాల్లో దారిలో బండి ఆగిపోయి, ప్రార్థిస్తే ఎవరో వచ్చి సహాయం చేసిన సంగతులు ఎన్నో వింటాం. దేవునికి స్తోత్రం, వాటిని నేను తక్కువ చేయను. కాని పగలకముందే మార్చిన హోసు గురించి ఇంతవరకు ఎవరూ లేచి సాక్ష్యం చెప్పడం నేను వినలేదు. ఆ రోజు దేవుడు పని చేయలేదా? ఆయన కృప మెకానిక్ రెండు వేళ్లలో కూడా ఉందని నేను నమ్ముతాను. "దేవుడే చూసుకుంటాడు" అన్న మాటను బద్ధకానికి కప్పే దుప్పటిగా వాడుకోవడం నాకు నచ్చదు.

ఇంకొకటి కూడా నన్ను వదలడంలేదు. హోసు చెడేది క్లిప్పు పక్కనే, అంటే బిగించి పట్టుకున్న చోటే. మన సంఘాల్లో కూడా అన్నిటికీ ఆధారంగా నిలబడేవాళ్లు ఉన్నారు. పాటకు వాళ్లే, వంటకు వాళ్లే, సమాధి కార్యక్రమానికి వాళ్లే. వాళ్లు ఎప్పుడూ కారరు, కాబట్టి ఎవరూ పిసికి చూడరు. ఆ సహోదరుని భార్యనే చూడండి. రెండేళ్లుగా ఆయన మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తుంది, వారానికి రెండు రోజులు ఒంగోలు బెంచీ మీద నాలుగేసి గంటలు కూర్చుంటుంది, ఆదివారం వచ్చి ముందువరుసలో పాడుతుంది. ఆయన ఎలా ఉన్నాడని మేమందరం ఆమెనే అడుగుతాం. పోయిన వారం పాస్టరమ్మ ఆయన మాట ఎత్తకుండా "నువ్వు రాత్రిళ్లు పడుకుంటున్నావా అమ్మా?" అని అడిగింది. ఆమె జవాబు చెప్పలేదు, ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకొని చాలాసేపు ఏడ్చింది.

ఇప్పుడు గురువారం విడతకు ఆమె బదులు మా స్త్రీల సమాజం వాళ్లు వంతులవారీగా వెళ్తున్నారు. మొదటి గురువారం లెక్కల సహోదరుని భార్య వెళ్లింది. బయలుదేరేముందు ఆయన బానెట్ ఎత్తి, ఒకసారి వేడెక్కి చల్లారిన క్లిప్పులను భాయ్ చెప్పినట్టు మళ్లీ అరచుట్టు బిగించాడు.