పడుగు అదే, పేక మారొచ్చు

మా హాస్టల్‌లో తెగని పంచాయితీ ఒకటుంది. పెద్ద రాక్ బ్యాండ్ స్టేడియంలో షో పెడితే రోజుకో తీరు పాటలు పాడాలా, ప్రతి రాత్రీ అవే పాడాలా? కోరుట్ల దోస్తు మార్చాల్సిందే అంటడు. జగిత్యాల దోస్తు అక్కర్లేదంటడు. నాది సిరిసిల్ల. మా ముగ్గురిలో ఒక్కడు కూడా స్టేడియం షో కళ్లారా చూసినోడు లేడు. అయినా గొడవకు తక్కువ లేదు.

2025 జనవరిలో కోల్డ్‌ప్లే వచ్చినప్పుడు మొదలైంది ఇది. 18, 19, 21 తేదీల్లో నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో, 25, 26 తేదీల్లో అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో పాడిన్రు. ఆఖరి రోజు హాట్‌స్టార్‌లో లైవ్. కోరుట్లోడు ముందు షోల పాటల వరుస అంతా నెట్‌లో చూసిపెట్టుకున్నడు. "ఇగో, ఇప్పుడు ఎల్లో వస్తది సూడు" అనేటోడు. వచ్చేది. "గిదేందిరా, రికార్డు పెట్టుకొని విన్నా గింతే గద!" అని వాని కోపం.

వానికి గట్టి సాక్ష్యం మెటాలికా. 2023 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన ఎం72 టూర్‌లో చాలా ఊళ్లలో రెండేసి రాత్రులు పాడిన్రు. మొదటి రాత్రి పాట రెండో రాత్రి ఉండదు. ఫిష్ అనే అమెరికా బ్యాండ్ 2017లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రులు పాడి, ఒక్క పాట కూడా మళ్లీ పాడలేదు. "నిన్నటి పద్యమే ఇయ్యాల చెప్తే అవధాని అంటరా?" అని వాని ప్రశ్న.

జగిత్యాలోని జవాబు బతుకమ్మ. తొమ్మిది రోజులు అవే పాటలు, అమ్మమ్మలు పాడినవే. ఎవరన్నా విసుక్కున్నరా? పాట అందరికీ తెలుసు కాబట్టే చప్పట్లు ఒక్కసారే పడతయి. అహ్మదాబాద్‌లో లక్షమందికి పైగా ఒక్క గొంతుతో పాడిన్రంటే అవి తెలిసిన పాటలు కాబట్టే గద.

నాకైతే ఇద్దరి మాటలు వింటుంటే మా సిరిసిల్ల సాంచాలు యాదికొస్తయి. బీము ఎక్కించి, పోగు పోగు అతికినంక ఇష్టమొచ్చినప్పుడు మార్చలేం. మారిస్తే సాంచ ఆగుతది, కూలి పోతది. స్టేడియం షో కూడా అంతే. లైట్లు, తెర మీది వీడియో, మంటలు, జనం చేతులకు వెలిగే పట్టీలు, అన్నీ పాటపాటకు ముందే ప్రోగ్రాం చేసిపెడతరు. పాట మారితే ఆ పనంతా మళ్లీ చెయ్యాలె. దాన్ని బద్ధకం అనలేం. కానీ పడుగు అట్లనే ఉంచి కండె మారిస్తే పేక రంగు మారుతది. రిపబ్లిక్ డే నాడు క్రిస్ మార్టిన్ వందేమాతరం, మా తుఝే సలామ్ అందుకున్నడు. ఆ రోజుకు తగ్గ పేక అది. అట్ల నాలుగైదు పాటలు మార్చుకుంటే కోరుట్లోనికీ కొత్తదనం దొరుకుతది.

అసలు సంగతి వేరే ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మెటాలికా మొదటి రాత్రి మాస్టర్ ఆఫ్ పపెట్స్‌తో, రెండో రాత్రి ఎంటర్ శాండ్‌మన్‌తో ముగించింది. రెండు రాత్రులకూ టికెట్ కొన్నోనికి రెండూ దొరికినయి. ఒక్క రాత్రికే పైసలున్నోనికి ఒకటి పోయింది. పాటలు మార్చమని గట్టిగ అడిగేది రెండు మూడు షోలకు పోయేటోళ్లు, ఇంకా మాలెక్క ఫోన్‌లో అన్ని ఊళ్ల షోలూ పైసా ఖర్చు లేకుండ చూసేటోళ్లు. స్టేడియంలో నిలబడ్డోళ్లలో చాలామందికి అదే మొదటిసారి. కొందరికి అదే ఆఖరుసారి కూడా. వాళ్లకు ఏ పాటా "మళ్లీ" కాదు.

మా బాపు సాంచాల మీద పన్నెండు గంటలు నిలబడి పని చేస్తడు. నాకు ఉద్యోగమొచ్చినంక ఒక్క టికెట్, ఒక్క రాత్రికి కొనుక్కోవాలని ఉంది. ఆ రాత్రి స్టేజీ మీదోళ్లు "ఫిక్స్ యూ నిన్ననే పాడినం, ఇయ్యాల వద్దు" అనుకుంటే నేనేం చెయ్యాలె? వాళ్ల నిన్నలో నేను లేను కదా.