సింధురక్షక్ మునిగిన రోజు

2013 ఆగస్టు 14, బుధవారం. పురిటికని కమలాపురంలో మా పుట్టింట్లో ఉన్నాను. మా ఆయన నేవీలో సెయిలరు. ముంబైలో సబ్‌మెరైన్ మీద డ్యూటీ. అప్పుడు సీమంతా సమైక్యాంధ్ర సమ్మెలో ఉంది, ఆర్టీసీ బస్సులు నిలిచిపోయాయి. టీవీ పెడితే ధర్నాలు, రాస్తారోకోలు. ఆ వార్తల మధ్యే పొద్దున స్క్రోలింగు వచ్చింది. ముంబై డాక్‌యార్డులో జలాంతర్గామి పేలుడు, లోపల నావికులు.

దాని పేరు సింధురక్షక్ అని కాసేపటికి తెలిసింది. మా ఆయన బోటు అది కాదు. కానీ మనుషులు తక్కువైతే ఒక బోటు వాళ్ళను ఇంకో బోటుకు పంపుతారని నాకు తెలుసు. ముందు రోజు ఫోన్లో "రాత్రి డ్యూటీ ఉంది, రేపు మాట్లాడతా" అన్నారు. ఎక్కడ అని నేను అడగలేదు. అడిగినా చెప్పరు. బోటు ఎప్పుడు పోతుంది, ఎప్పుడొస్తుంది, ఎవరెవరు పోతున్నారు అనేవి మా ఇళ్ళల్లో అడిగే మాటలు కావు. మామూలు రోజుల్లో అది నాకు గర్వంగానే ఉండేది.

ఫోన్ చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేస్తే స్విచాఫ్. మా నాయన టీవీ ఆపేసి, "కడుపుతో ఉండే పిల్ల, నువ్వు చూడొద్దు" అన్నాడు. గోడ అవతల పక్కింటి టీవీ మాత్రం మాట్లాడుతూనే ఉంది. మంటలు దక్షిణ ముంబైలో చాలా దూరానికి కనబడ్డాయని, లోపల 18 మంది ఉన్నారని అక్కడి నుంచే విన్నాను. మా తమ్ముడు ఎర్రగుంట్లకు పోయి ముంబై రైలెక్కుతానని చొక్కా వేసుకున్నాడు. పోయి ఎవరిని అడుగుతాడు? ఆ గేటు దాటి ఎవరు రానిస్తారు? అమ్మ అన్నం కలిపి తెచ్చి నా ముందు పెట్టుకుని కూర్చుంది. నేను తినలేదని ఆమె కూడా తినలేదు.

మా జేజి సముద్రం చూసిన మనిషి కాదు. మా పాపాగ్ని ఏటిలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. "సముద్రం నడిమధ్యన కాదంట గదా, గట్టునే కట్టేసి ఉండిందంట గదా. మరి ఆ పిల్లోళ్ళు ఎందుకు బయటికి రాలేకపోయిరి?" అని పదేపదే అడిగింది. ఆ రోజు దేశమంతా అడిగిన ప్రశ్న అది. జవాబు నాకు తర్వాత తెలిసింది. బోటు గస్తీకి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది, టార్పెడోలు, మిసైళ్ళు ఎక్కించి ఉన్నారు. అర్ధరాత్రి దాటాక ముందు భాగంలో పేలుడు. పైన ఉన్న కొందరు నీళ్ళలో దూకి బతికారు. కింద ఉన్నవాళ్ళకు ఆ అవకాశం రాలేదు. వేడికి లోపలి ఇనుము వంకర్లు పోయి, మూతలు బిగుసుకుపోయాయి. నీళ్ళు నిండి బోటు కట్టిన చోటే మునిగింది. డైవర్లు దిగితే బురదా నూనే కలిసిన చీకట్లో తమ చెయ్యి తమకు కనబడలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "నేనే. బాగున్నా. ఇక్కడ పనుంది, మళ్ళీ చేస్తా." అంతే. నేను ఒక్క మాట కూడా అనకముందే పెట్టేశారు. ఇంట్లో అందరూ ఒకేసారి ఏడ్చారు. అమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. ఆ దీపం చూస్తుంటే నాకు ఆ 18 ఇళ్ళు గుర్తొచ్చాయి. వాళ్ళూ అదే సమయానికి ఫోన్ పక్కన కూర్చునే ఉంటారు.

వాళ్ళలో ముగ్గురు ఆఫీసర్లు, 15 మంది సెయిలర్లు. మన విశాఖపట్నం పిల్లలూ ఉన్నారు. పేర్లు టీవీలో వచ్చినప్పుడు నాయన సెట్టు ఆపలేదు. పంద్రాగస్టు దాటాక గానీ మొదటి శరీరాలు బయటికి రాలేదు. వచ్చినవి గుర్తుపట్టేలా లేవు, డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. తల్లిదండ్రులు రక్తం ఇచ్చి, తమ బిడ్డ ఏదో ల్యాబు చెప్పేదాకా ఎదురుచూశారు. "మనిషి దొరకందే దినం ఎట్ల చేస్తారు?" అంది జేజి. దానికి మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. నాకు అన్నిటికంటే క్రూరంగా అనిపించింది ఈ ఎదురుచూపే. చావు కబురు ఒకసారి వచ్చి పోతుంది. ఇది రోజూ వచ్చేది.

నాకు కూతురు పుట్టింది. ఆయన సెలవు మీద వచ్చి బిడ్డను ఎత్తుకున్నారు కానీ ముంబై మాట ఎత్తలేదు. గట్టు మీద నిలబడి డైవర్లకు తాళ్ళు అందించానని మాత్రం చాలా ఏళ్ళకు చెప్పారు. 2014 ఫిబ్రవరి 26న సింధురత్న అనే ఇంకో సబ్‌మెరైన్‌లో పొగ నిండి ఇద్దరు ఆఫీసర్లు చనిపోయారు. వరస ప్రమాదాలకు నైతిక బాధ్యత వహించి నేవీ అధిపతి అడ్మిరల్ డి.కె. జోషి అదే రోజు రాజీనామా చేశారు. ఆ రాజీనామాను నేను ఇప్పటికీ గౌరవిస్తాను. సింధురక్షక్‌ను 2014 జూన్‌లో పైకి లేపారు. 2017లో అరేబియా సముద్రంలో లోతైన చోట శాశ్వతంగా ముంచేశారు.

తర్వాత ఆయనకు విశాఖకు పోస్టింగు వచ్చింది. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియంలోకి మొదటిసారి దిగాను. మనిషి పక్కకు తిరిగి నడవాల్సిన దారి, ఒకరి మీద ఒకరు పడుకునే బల్లలు. మా ఆయన నెలల తరబడి ఉండే చోటు అదేనా అని అక్కడే కూలబడ్డాను. ఆ తీరానికి కాస్త దూరంలోనే సముద్రం అడుగున పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఉంది. 1971 నవంబర్ 14న కరాచీ నుంచి మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి బయలుదేరింది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ దగ్గర 90 మందికి పైగా మనుషులతో మునిగిపోయింది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ దెబ్బకని మనవాళ్ళు, లోపలి పేలుడో మైనో కారణమని వాళ్ళు అంటారు. శత్రువుల ఓడే. అది మునగకపోతే మనవాళ్ళు ఎంతమంది పోయేవాళ్ళో. అయినా కరాచీలో స్విచాఫ్ చెప్పే ఫోన్ కూడా లేకుండా ఎదురుచూసిన ఆడవాళ్ళను నేను తలుచుకోకుండా ఉండలేను. ఆ శకలాన్ని మన నేవీ పైకి లేపకుండా అక్కడే వదిలేసింది. అది సరైన పని.

ఘాజీ మీద సినిమా వచ్చింది, అందరికీ తెలుసు. సింధురక్షక్ పేరు చెబితే మా కమలాపురంలో చదువుకున్నవాళ్ళకు కూడా గుర్తు రాదు. యుద్ధంలో పోలేదు కాబట్టి వాళ్ళు తక్కువ కాదు, యుద్ధానికి సిద్ధంగా ఉండే పనిలోనే పోయారు. బడుల్లో పని చేసే అయ్యవార్లకు, అమ్మలకు నా విన్నపం ఒకటే. పంద్రాగస్టు జెండా కింద పిల్లలను నిలబెట్టినప్పుడు, ముందు రోజు పోయిన ఆ 18 మంది పేర్లు కూడా చదవండి. నేవీ ప్రకటించిన పేర్లే అవి, వెతికితే దొరుకుతాయి.