ఎండలో శ్రమ – చెమట విలువ

దీర్ఘమైన పరుగునకు స్త్రీదేహము తగదని లోకము చిరకాలము నమ్మెను. 1928లో ఆమ్‌స్టర్‌డాము ఒలింపిక్కు క్రీడలయందు 800 మీటర్ల పందెము ముగించిన స్త్రీలు అలసి కూలబడిరని వార్త పుట్టగా, ఆ పందెమును 1960 వఱకు స్త్రీలకు లేకుండ జేసిరి. తుదకు 1984లో లాస్ ఏంజిలిసు నగరమున స్త్రీలకు మొట్టమొదటి ఒలింపిక్కు మారథాను, అనగా 42 కిలోమీటర్లకు మించిన పరుగు, జరిగెను.

ఆ పందెమున స్విట్జర్లాండు దేశపు గాబ్రియేలా ఆండర్సన్ షీస్ అను 39 ఏండ్ల యామె కడపటి నీళ్ల తావును గమనింపక దాటిపోయెను. ఆమె క్రీడాంగణము చేరునప్పటికి దేహము ఒక ప్రక్కకు ఒరిగి, కాలు బిగిసి, చేయి వ్రేలాడుచుండెను. చివరి 400 మీటర్లకు సుమారు 6 నిమిషములు పట్టెను. వైద్యులు దరిజేరగా, వారు ముట్టినచో పందెమునుండి తొలగింపబడుదునని యామె చేతితో వారించెను. ఇంకను చెమట పట్టుచున్నదని చూచి వారు వెనుదీసిరి. ఆమె 37వ స్థానమున ముగించి, రెండు గంటలలో తేఱుకొనెను. అదే దారిని అమెరికా దేశపు జోన్ బెనాయిట్ 2 గంటల 25 నిమిషములలోపల పరుగెత్తి గెలిచెను. సమానమైన సత్తువయు అలవాటును గల స్త్రీపురుషులు వేడిని ఇంచుమించు సమానముగనే ఓర్తురని తరువాతి పరిశోధనలును తెలిపినవి.

ఇంతకు దేహమున జరుగున దేమి? మనము తిన్న యాహారపు శక్తిలో కండరములు పనిగా మార్చునది సుమారు నాలుగవ వంతు మాత్రమే, తక్కినదెల్ల వేడియగును. ఆ వేడిని చర్మమునకు జేర్చుటకు నెత్తురు కావలెను. పనిచేయు కండరములకును నెత్తురే కావలెను. ఒక్క కోడలిని ఇద్దఱత్తలు ఒక్కమారే పిలిచినట్లు గుండె సతమతమై వడివడిగా కొట్టుకొనును. చెమట కారినకొలది నెత్తురులోని నీరు తఱిగి ఆ తొందర మఱింత హెచ్చును. ఒక లీటరు చెమట ఆవిరియైనచో దేహమునుండి సుమారు 580 కిలోకాలరీల వేడిని గొనిపోవును. అయితే ఆవిరి కావలెను సుమా! కారి నేలబడిన చెమటవలన చలువ లేదు. రెంటచింతల పొడి యెండ కంటె కాకినాడ ఉక్కపోత ఒక్కొక్కప్పుడు ప్రాణమునకు హెచ్చు భారమగుట యిందువలననే.

వ్యాయామమనగానే మైదానమే తలంపునకు వచ్చును గాని, ఆవకాయ దినములను తలచుకొనుడు. మామిడికాయలు కొట్టుట, ఆవాలు దంచుట, జాడీలు మోయుట, నడుమ పొయ్యిమీద వంట. ఇదంతయు నడివేసవిలో, గాలి తక్కువైన వంటింటిలో జరుగును. దీనిని శ్రమయని లెక్కించు మగవారు అరుదు. మిల్లులు వచ్చి దంపుడు తగ్గినను పొయ్యి తగ్గలేదు.

దేహమున కొక గొప్ప గుణము కలదు. దినమున కొక గంటో గంటన్నరో వేడిలో మితముగా శ్రమించినచో, పది పదునాలుగు దినములలో అది వేడికి అలవడును. నెత్తురులోని నీరు పెరుగును, చెమట ముందుగా పట్టును, అందులో ఉప్పు తగ్గును, గుండె నెమ్మదించును. కొన్ని వారములు చల్లనిచోట నున్న యా యలవాటు పోవును. శీతలదేశమునుండి సెలవులకు వచ్చిన కూతురిని మఱునాడే పెండ్లిపనులలోనికి దింపరాదు. నెలసరికి ముందటి రెండు వారములలో దేహపు వేడి అర డిగ్రీ వఱకు హెచ్చి యుండును. గర్భిణులు, ముఖ్యముగా తొలి నెలలలో, ఒడలు మిక్కిలి కాగు శ్రమను మానవలెను.

ఇక మాకు మిక్కిలి బాధ కలిగించు సంగతి యొకటి. మన స్త్రీలలో అనేకులు దాహమైనను నీరు త్రాగరు. పొలములో, బస్సు ప్రయాణమున, పెండ్లిపందిటిలో మఱుగుచోటు లేదని నాలుక తడుపుకొని యూరకుందురు. వేడిలో శ్రమించు దేహమునకు ఇంతకన్న అపకారము లేదు. గుండెకు భారము హెచ్చుటయే గాక, ఈ యలవాటు ఏండ్లతరబడి సాగిన మూత్రపిండములలో రాళ్లు పుట్టవచ్చును. అట్టివారికి నీరు త్రాగుమని బోధించుట కాదు, మఱుగుచోటు కట్టించుట ఇంటివారి పని, ఊరివారి పని. చెమటతో ఉప్పును పోవును గావున, చిరకాలము శ్రమించినప్పుడు ఉత్త నీటికంటె ఉప్పు వేసిన పలుచని మజ్జిగయో, గంజియో మేలు. నెత్తురుపోటు గలవారు ఉప్పు విషయమున వైద్యుని అడుగవలెను.

తల తిరుగుట, ఓకరింత, పిక్కలు పట్టుట కనబడిన వెంటనే పని విడిచి నీడన పరుండవలెను. మాట తడబడుట, తికమక, స్మృతి తప్పుట వడదెబ్బ గుఱుతులు. చెమట పట్టుచున్నదిగదా యని ఊరట పొందరాదు. శ్రమవలని వడదెబ్బలో చెమట పట్టుచునే యుండవచ్చును. తికమకలో నున్నవారి నోట నీరు పోయరాదు. 108కి కబురు చేసి, వారు వచ్చులోపల బట్టలు వదులుచేసి, చల్లని నీటిని ఒడలెల్ల బిందెలతో గ్రుమ్మరించి, ఆగక విసరుచుండవలెను.